ఒక పక్కే పుచ్చిన దోనె

పిల్లలూ, కథల్లో మునులందరూ మంచివాళ్ళనీ, రాక్షసులందరూ దుర్మార్గులనీ మీకెవరో చెప్పే ఉంటారు. చెప్పినవాళ్ళను నేనేమీ అనను. నాకు మాత్రం పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలవాడు చెంబులో పాలు పోస్తుంటే రెప్ప వేయకుండా చూసే రకాన్ని. అందుకేనేమో, ఎవరూ ఎవరినీ నమ్మని ఈ కథంటే నాకు భలే ఇష్టం.

కలువమడుగు అనే రాజ్యంలో, రాజధానిని ఆనుకునే ఒక పెద్ద మడుగు ఉండేది. మడుగు నడుమ లంక, లంకలో మడుగుతల్లి గుడి. ఏటా ఆశ్వయుజ పున్నమినాడు పొద్దున్నే రాజవంశం వాళ్ళు ఒకరు దోనెలో ఆ లంకకు వెళ్ళి తల్లికి పసుపు కుంకుమలు సమర్పించి రావాలి. వెళ్ళకపోతే మడుగు పొంగి ఊళ్ళ మీద పడుతుంది. అలాగని ఏ పడవ పడితే ఆ పడవ పనికిరాదు. రాజుగారి ముత్తాతకు మడుగుతల్లి స్వయంగా ఇచ్చిన పాత దోనె ఒకటుంది. దాన్ని తప్ప మిగతావాటిని మడుగు బోర్లా తిప్పి ముంచేసేది.

దోనె అంటే పెద్ద మానును తొలిచి చేసిన పడవ. దాని రెండు పక్కలా పైఅంచు వెంబడి, ముక్కు నుంచి తోక దాకా, పొడవాటి చెక్క పట్టీ బిగించి ఉంటుంది. చూడ్డానికి అది చీర అంచులా సోకు కోసం పెట్టినట్టుంటుంది. నిజానికి దోనె నోరు తెరుచుకుని పగిలిపోకుండా పట్టి ఉంచేది ఆ అంచుపట్టీయే.

ఆ రాజ్యానికి వచ్చిన కష్టం ఆ పట్టీతోనే వచ్చింది. మూడేళ్ళ కిందట దోనె కుడిపక్క పట్టీ మెత్తబడింది. ఆస్థాన పడవ వడ్రంగి అప్పన్న కొత్తది వేశాడు. మరుసటి ఏటికి అదీ పుచ్చింది. ఇంకొకటి వేశాడు. నిరుడు అదీ పోతే మూడోది వేశాడు. ఈ ఏడు పున్నమి పన్నెండు రోజులుందనగా రాజు మణికేతుడు దోనెను చూడబోయి, ఒక కాలు లోపల పెట్టి అంచు పట్టుకున్నాడు. పట్టీ పిండిలా పొడైపోయింది. రాజు వెల్లకిలా పడ్డాడు. కిరీటం దొర్లుకుంటూ పోయి మడుగులో పడింది.

"ఇది అడవిలో ఉండే మొద్దుకోర రాక్షసుడి శాపం," అన్నాడు ఆస్థాన జ్యోతిష్కుడు.

"శాపమో, ద్రోహమో! రెంటిలో ఒకటి!" అన్నాడు రాజు నడుం పట్టుకుని. "దోనెను పుచ్చబెట్టినవాళ్ళు ఎవరైనా సరే, మొసళ్ళ దిబ్బ మీద దింపేస్తాను. శాపమని రుజువు కాకపోతే ఆ వడ్రంగినే దింపుతాను."

అప్పన్నను చెరసాలలో వేశారు. ఆ మర్నాడే అతని కూతురు నూకాలు కొలువుకు వచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల. చేతిలో ఉలి, చెవి వెనక బొగ్గుముక్క.

"మహారాజా, మా నాన్న వేసింది మేలైన చెక్క. నేనే చిత్రిక పట్టాను. దాంట్లో దోషం లేదు," అంది.

"అయితే నువ్వూ ద్రోహివేనేమో!"

"నేను ద్రోహినైతే ఇక్కడికెందుకు వస్తానండీ? ఈపాటికి పొరుగు రాజ్యంలో ఉండేదాన్ని."

రాజు కాసేపు ఆలోచించాడు. "నిజమే. అయినా, నేను అలా అనుకోవాలనే వచ్చావేమో!" అన్నాడు. అదీ ఆయన వరస. చివరికి, "సరే, పున్నమి దాకా గడువిస్తున్నాను. ఆ రాక్షసుడి చేత శాపం విప్పించి, కొత్త పట్టీ వెయ్యి. లేదంటే మీ నాన్న మీద ఆశ వదులుకో," అన్నాడు.

నూకాలు ముందు దోనె దగ్గరకు వెళ్ళింది. అంతకుముందు అది ఒడ్డున ఇసుక మీద ఉండేది. మూడేళ్ళ కిందట రాజుకు విషజ్వరం వచ్చి తగ్గినప్పుడు, రాజమాత మొక్కు తీర్చుకోవడానికి దాన్ని పక్కనే ఉన్న రాతి మండపంలోకి మార్పించింది. గోడ పక్కన పీట మీద, పువ్వులూ కుంకుమా పెట్టుకుని, దోనె పెళ్ళికూతురిలా ఉంది. నూకాలు ఉలి పిడితో అంచు మీద తట్టుకుంటూ వెళ్ళింది. గట్టి చెక్కయితే టంగుమంటుంది, పుచ్చిన చెక్కయితే మూగగా మోగుతుంది. అప్పన్న కూతురికి అక్షరాల కన్నా ముందు నేర్పిన విద్య ఇది.

ఎడమ పట్టీ ముత్తాతల నాటిది. ఈ కొస నుంచి ఆ కొస దాకా టంగుమంది. కుడి పట్టీ నిరుడు వేసింది. ఒక్కచోట కూడా మోగలేదు.

'శాపం పెట్టేవాడు ఒక పక్కే పెట్టి ఊరుకుంటాడా?' అనుకుంది నూకాలు.

ఇంతలో రాజమాత శశిప్రభాదేవి వచ్చింది. తెల్లటి జుట్టు, చల్లటి ముఖం. "మీ నాన్నను నేనేమీ అనలేదు తల్లీ. దోనె బాగుపడాలని రోజూ మొక్కుకుంటూనే ఉన్నాను," అంది.

ఇంత పెద్దావిడ తనతో ఇంత మెత్తగా ఎందుకు మాట్లాడుతోందా అని నూకాలుకు అనుమానం వచ్చింది. దండం పెట్టి, పుచ్చిన పట్టీలోంచి మూరెడు ముక్క కోసి, అటుకుల మూటలో పెట్టుకుని అడవి దారి పట్టింది.

రెండో రోజుకు అడవి మొదట్లో ఒక ముని కనిపించాడు. గడ్డం బొడ్డు దాకా ఉంది. చుట్టూ విభూతి పొట్లాలు పేర్చుకుని కూర్చున్నాడు.

"రా తల్లీ! నీ కష్టం నా దివ్యదృష్టికి తెలుసు. రాజుగారి దోనె పుచ్చింది, అవునా? ఈ విభూతి చల్లితే శాపం ఇట్టే పోతుంది," అన్నాడు.

"దోనె పుచ్చిందని ఊరూరా దండోరా వేశారు స్వామీ. అది తెలియడానికి దివ్యదృష్టి ఎందుకు? ఏ పక్క పుచ్చిందో చెప్పండి చూద్దాం."

ముని కళ్ళు మూసుకున్నాడు. ఒక కన్ను కొద్దిగా తెరిచి నూకాలు ముఖం చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు. "రెండు పక్కలా!" అన్నాడు.

నూకాలు పకపకా నవ్వింది. ముని కూడా సిగ్గుపడుతూ గడ్డం గోక్కున్నాడు. "ఏం చెయ్యను పిల్లా, కడుపు మాడుతోంది. గుప్పెడు అటుకులు పెట్టు. అబద్ధం ఆడినందుకు ఒక నిజం చెబుతాను. ముందు దారి రెండుగా చీలుతుంది. ఎడమ దారినే పో. కుడి దారిలో ఊబి ఉంది," అన్నాడు.

నూకాలు అటుకులు పెట్టింది. పెట్టి, దారి చీలిన చోట కుడివైపు వెళ్ళింది. ఒకసారి అబద్ధం ఆడినవాడు రెండోసారి నిజం ఎందుకు చెబుతాడు? నేనైనా అదే చేసేదాన్ని. కానీ ఆ మహానుభావుడు ఈసారి నిజమే చెప్పాడు. నూరు అడుగులు వేసేసరికి నూకాలు నడుం దాకా ఊబిలో దిగబడిపోయింది.

కాలు కదిపినకొద్దీ ఇంకా కిందికి పోతోంది. గొంతు చించుకుని అరిచింది. 'నాన్నా, నీ దగ్గరికి రాకుండానే పోతున్నాను,' అని ఏడ్చింది కూడా. అప్పుడు పొదల్లోంచి వెండిరంగు ఎలుగుబంటి ఒకటి వచ్చింది. ముక్కు ఎగబీల్చి గాలి వాసన చూసి, పొడవాటి చెయ్యి చాచి, నూకాలును జబ్బ పట్టుకుని ఒడ్డుకు లాగి పడేసింది.

"అదిలా ఇచ్చెయ్," అంది ఎలుగు.

మాట్లాడే ఎలుగును నూకాలు ఎప్పుడూ చూడలేదు. అయినా ఉలి ముందుకు చాచి, "ఏది?" అంది.

"మూటలో ఉంది చూడు, అది."

"అటుకులా?"

"అటుకులు ఎవరిక్కావాలి! ఆ చెక్కముక్క."

"పుచ్చిపోయిన చెక్కతో నీకేం పని? నన్ను మాటల్లో పెట్టి మింగుదామనా?"

"నిన్ను మింగాలంటే ఊబిలోంచి లాగడమెందుకు? ఒళ్ళంతా బురద. ఛీ!" అంది ఎలుగు. "ఆ చెక్కలో పాలున్నాయి. తేనె ఉంది. నెయ్యి, అరటిపండు కూడా తగులుతున్నాయి. ఇంకేదో ఘాటుగా ఉంది, అది నేనెప్పుడూ తినలేదు."

నూకాలు చెక్క బయటికి తీసింది. ఎప్పుడు పట్టాయో గానీ దాని నిండా చీమలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన పెరుగు వాసన కొట్టింది. వానకు చివికిన చెక్క వాసన ఆమెకు తెలుసు. ఇది ఆ వాసన కాదు. పుచ్చిన చెక్కలో తేనె ఎక్కడిదో ఎంత ఆలోచించినా తట్టలేదు. ముక్కను రెండుగా విరిచి, సగం దాచుకుని, సగం ఎలుగుకు ఇచ్చింది.

ఎలుగు దాన్ని నాకి నాకి, చెరకు పిప్పిలా చేసి ఉమ్మేసింది. ఆ సంతోషంలో నూకాలును వీపున ఎక్కించుకుని రాక్షసుడి కొండగుహ దాకా తీసుకెళ్ళింది. దారి పొడుగునా నూకాలు ఉలిని దాని చెవి వెనకే పట్టుకుని కూర్చుంది. "చక్కిలిగిలి పెట్టకు," అని ఎలుగు రెండుసార్లు విసుక్కుంది.

గుహ ముందు మొద్దుకోరడు కూర్చుని ఉన్నాడు. రెండు నిలువుల మనిషి. పైకి పొడుచుకొచ్చిన కోర ఒకటి మొన విరిగి మొద్దుబారి ఉంది. అందుకే ఆ పేరు.

"ఎవరు పంపారు నిన్ను? మళ్ళీ నా చెట్లు కొట్టడానికేనా?" అని గద్దించాడు.

"కొట్టడానికి కాదు, అడగడానికి వచ్చాను. దోనె అంచుకు పదహారు మూరల మద్దిచెక్క కావాలి. ముడులు ఉండకూడదు. దానికన్నా ముందు నీ శాపం వెనక్కి తీసుకోవాలి."

రాక్షసుడు కళ్ళు చిట్లించాడు. "ముప్పై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరూ చెట్లు నరుక్కుపోయారు. అడిగినదానివి నువ్వొక్కదానివే. మర్యాద వెనక ఏదో మోసం ఉండి ఉంటుంది," అన్నాడు. "అదిగో, ఆ మూడు మద్దిచెట్లు చూడు. వాటిలో ఒకటే లోపల గట్టిది. సరైనది చూపిస్తే ఇస్తాను. తప్పితే జన్మంతా ఇక్కడే ఉండి నాకు వండిపెట్టాలి."

నూకాలు మొదటి చెట్టును ఉలి పిడితో తట్టింది. చూడ్డానికి స్తంభంలా ఉంది, లోపల డొల్ల. రెండోదీ డొల్లే. ఇక మిగిలింది ఒకటే కాబట్టి అదే గట్టిదని ఇంకెవరైనా చెప్పేసేవాళ్ళు. నూకాలు దాన్నీ తట్టింది. చుట్టూ తిరిగి పది చోట్ల తట్టింది.

"మూడూ డొల్లే. నన్ను మోసం చేద్దామనుకున్నావు!" అంది నడుం మీద చెయ్యి పెట్టుకుని.

మొద్దుకోరడు కొండ అదిరేలా నవ్వాడు. "రాజుగారి మనుషులు ఒక్కరూ ఇలా తట్టి చూసిన పాపాన పోలేదు. పిల్లా, పనిమంతురాలివే! ఇక విను. నేను శాపమేదీ పెట్టలేదు. పెట్టదలుచుకుంటే ఒక పక్కే పెట్టి రెండో పక్క ఎవరి కోసం వదిలేస్తాను?"

నూకాలు గతుక్కుమంది. "ఒక పక్కే పుచ్చిందని నీకెలా తెలుసు?"

"నువ్వు చెట్లు తడుతుంటే ఎలుగు చెప్పింది. దానికి నువ్వే దారంతా చెప్పుకుంటూ వచ్చావట కదా."

అది నిజమే. అయినా నూకాలు పూర్తిగా నమ్మలేదు. రాక్షసుడు గుహ వెనక గట్టి మద్దిచెట్టు ఒకటి చూపించాడు. ఇద్దరూ కలిసి దాన్ని కొట్టి, పట్టీకి సరిపడేలా పలక కోశారు. అప్పుడు నూకాలు అసలు సంగతి బయటపెట్టింది.

"పట్టీ వంచడానికి ఇద్దరుండాలి. ఒకరు కొస పట్టుకుని లాగి ఉంచితే, ఇంకొకరు మేకులు కొట్టుకుంటూ రావాలి. మా నాన్న చెరసాలలో ఉన్నాడు. ద్రోహమంటారేమోనని ఊళ్ళో ఒక్కడూ ఆ దోనెను ముట్టుకోడు. నువ్వు వస్తావా?"

"వస్తే రాజు మనుషులు నన్ను పొడవరని హామీ ఇస్తావా?"

"ఇవ్వలేను. పొడిచినా పొడుస్తారు."

"మరి నిన్నెలా నమ్మను?"

"నమ్మొద్దు. నేనూ నిన్ను నమ్మడం లేదు. ఒకరి మీద ఒకరం కన్నేసి ఉందాం."

మొద్దుకోరడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించాడు. "ఆ రాజ్యంలో ఆవు ఈనకపోయినా, గోడ కూలినా నా పేరే చెబుతారు. పిల్లలు అన్నం తినకపోతే నన్ను పిలుస్తామని భయపెడతారు. ఒక్కసారైనా ఆ ఊళ్ళో నిలబడి, నేను కాదని చెప్పాలి. పద," అన్నాడు.

పలకను ఏట్లో వేసి, మొద్దుకోరడు మొలలోతు నీళ్ళలో నడుస్తూ దాన్ని తోశాడు. నూకాలు పలక మీద కూర్చుంది. రెండు రోజుల తరువాత ఒక పల్లె రేవు వచ్చింది. వేట అయిపోయి, చేపలవాళ్ళు పడవలను ఇసుక మీద వరసగా పెట్టుకున్నారు. అన్నీ బోర్లించే ఉన్నాయి. ఒడ్డున పెట్టిన పడవను ఎవరైనా బోర్లిస్తారు. వెల్లకిలా ఉంటే నీళ్ళు నిలుస్తాయి, చెక్క పుచ్చుతుంది. ఈ సంగతి పడవల ఇళ్ళల్లో పాకే పిల్లలకు కూడా తెలుసు.

నూకాలు ఒక్క ఉదుటున లేచి నిలబడింది. పలక తిరగబడబోయింది.

"దోనెను మండపంలో వెల్లకిలా పెట్టారు! పూజ చెయ్యాలంటే వెల్లకిలానే ఉండాలి మరి! ఎడమ పక్క గోడ ఉంది. నిలబడి అభిషేకం చేసేది కుడిపక్కనుంచి! పాలు, తేనె, నెయ్యి..." అని అరిచింది.

"ఎవరు పోస్తారు అభిషేకం?" అన్నాడు మొద్దుకోరడు.

నూకాలు మళ్ళీ పలక మీద కూర్చుండిపోయింది. పోసేది రాజుగారి తల్లి. ఆ మాట కొలువులో అంటే తండ్రితో పాటు తనూ మొసళ్ళ దిబ్బ ఎక్కాల్సిందే.

వాళ్ళు రాజధాని చేరేసరికి పున్నమి మూడు రోజులుంది. రాక్షసుణ్ణి చూసి జనం తలుపులు వేసుకున్నారు. సేనాపతి ఉగ్రబాహు ఈటెలవాళ్ళతో వచ్చి మండపం చుట్టూ నిలబడ్డాడు. "ఏ తేడా కనిపించినా పొడిచేస్తాం," అన్నాడు.

రెండు రోజులు నూకాలు పలకను చిత్రిక పట్టి నున్నగా చేసింది. పుచ్చిన కుడి పట్టీని మేకులు ఒక్కొక్కటే ఊడదీసి తొలగించింది. ఎడమ పట్టీని మాత్రం కదిలించలేదు. రెండూ ఒకేసారి తీస్తే దోనె నోరు తెరిచేస్తుంది, ఇక ఎవరూ దాన్ని మూయలేరు. మూడో రోజు గంగాళాల్లో నీళ్ళు మరిగించి, పలక మీద గోనెలు కప్పి, మధ్యాహ్నం దాకా ఆవిరి పట్టించింది. అలా మెత్తబడిన చెక్కను చల్లారే లోపల వంచి బిగించాలి.

"పట్టుకో! ఏం జరిగినా వదలకు. వదిలావంటే అది ఎగిరి నా తలకే తగులుతుంది," అంది.

మొద్దుకోరడు కొస పట్టుకుని వెనక్కి లాగాడు. పలక మూలుగుతూ దోనె ఒంపును అనుసరించి వంగింది. నూకాలు దానికి ఆనుకుని నిలబడి, ముక్కు దగ్గర నుంచి కొయ్య మేకులు కొట్టుకుంటూ వచ్చింది. సగం దూరం వచ్చేసరికి చెక్క పెళపెళమంది. దోనెను రాక్షసుడు విరిచేస్తున్నాడనుకున్నాడు ఉగ్రబాహు. వెనక నుంచి ఈటెతో వాడి వీపులో పొడిచాడు.

మొద్దుకోరడు పళ్ళు కొరికాడు. నల్లటి నెత్తురు కాళ్ళ దాకా కారింది. చేతులు మాత్రం కదల్లేదు.

"పిల్లా," అన్నాడు, "కాస్త తొందరగా కొట్టు."

నూకాలుకు కళ్ళు మసకబారాయి. ఆ నీళ్ళలోంచే చూసుకుంటూ మిగతా మేకులన్నీ కొట్టింది. చివరి మేకు దిగాక గానీ మొద్దుకోరడు కొస వదల్లేదు. వదిలి, అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నూకాలు సుత్తి పడేసి పరుగెత్తి, పైట చింపి వాడి గాయానికి అదిమి పట్టింది. "నిన్ను అనుమానించాను. నాకు సిగ్గుగా ఉంది," అంది ఏడుస్తూ. "నేనూ అనుమానించానులే," అన్నాడు వాడు.

అప్పటికి రాజు, రాజమాత, కొలువంతా అక్కడికి వచ్చారు. "శాపం పోయిందా?" అని అడిగాడు రాజు.

పోయిందని ఒక్క మాట అంటే చాలు. తండ్రి బయటికి వస్తాడు. కానీ పాలు పోయడం ఆగదు. వచ్చే ఏడు పట్టీ మళ్ళీ పుచ్చుతుంది, అప్పుడు మళ్ళీ అప్పన్నే దొరుకుతాడు. నూకాలు గుండె దిటవు చేసుకుంది.

"శాపమే లేదు మహారాజా. దోనెను వెల్లకిలా పెట్టి పాలూ తేనే పోస్తున్నారు. ఆ తడి పట్టీలోకి దిగి ఆరడం లేదు. పుచ్చబెట్టింది అభిషేకం," అంది.

"అపచారం!" అన్నాడు జ్యోతిష్కుడు.

"మా అమ్మ మీదే నింద వేస్తావా!" అని రాజు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. "రాక్షసుడూ నువ్వూ కూడబలుక్కుని వచ్చారు. పట్టుకోండి దీన్ని!"

"ఆగు నాయనా," అంది రాజమాత. "అమ్మాయీ, నీ దగ్గర రుజువేమైనా ఉందా?"

నూకాలు దాచుకున్న పాత ముక్క తీసి ఇచ్చింది. రాజమాత దాన్ని విరిచి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఏలకులు," అంది. "నా పంచామృతంలో ఏలకులు నేనే దంచి వేస్తాను. ఇంకెవరూ వెయ్యరు."

రాజు మాత్రం, "ఎవరో కావాలని పూసి ఉంటారమ్మా," అన్నాడు.

"నీకు అనుమానం తీరదు. నా బిడ్డకు జ్వరం తగ్గించిన తల్లి ఇచ్చిన దోనె అని ముద్దు చేశాను. అది తప్పో కాదో మడుగుతల్లే చెబుతుంది. రేపు పొద్దున ఈసారి లంకకు నేను వెళ్తాను. పాల చుక్క కూడా పొయ్యను. ఈ అమ్మాయి తెడ్డు వేస్తుంది. తల్లికి కోపమొస్తే నన్నే ముంచుతుంది."

మర్నాడు పొద్దున్నే పువ్వూ కుంకుమా లేని దోనెను నీళ్ళలోకి దించారు. రాజమాత పసుపు కుంకుమల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, కొత్త పట్టీ మీద చెయ్యి వేసి కూర్చుంది. ఊరంతా ఒడ్డునే ఉంది. నూకాలు తెడ్డు వేస్తోందన్న మాటే గానీ, కళ్ళన్నీ తను కొట్టిన మేకుల మీదే.

మడుగు నడిమికి రాగానే నీళ్ళు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. కింద నుంచి ఏదో పెద్దది కదిలినట్టు దోనె పైకి లేచి, కుడిపక్కకు ఒరిగింది. రాజమాత బరువంతా పట్టీ మీద పడింది. చెక్క కిర్రుమంది. నీళ్ళు అంచు దాకా వచ్చి, పట్టీని చేత్తో తడిమి చూసినట్టు ముక్కు నుంచి తోక దాకా తాకుతూ వెళ్ళాయి. తరువాత మడుగు నిదానంగా దిగి, పళ్ళెంలో నీళ్ళలా నిలిచిపోయింది.

వాళ్ళు లంకకు వెళ్ళారు, పసుపు కుంకుమలు సమర్పించారు, పొద్దెక్కేసరికి తిరిగి వచ్చారు. జనం చేసిన గోలకు ఒడ్డున కొంగలన్నీ ఎగిరిపోయాయి. రాజమాత దోనె దిగి నేరుగా కొడుకు ఎదుటికి వచ్చింది.

"దోనెను పుచ్చబెట్టింది నేనే. ప్రేమతో చేశాను, కానీ చేసింది నేనే. పుచ్చబెట్టినవాళ్ళను మొసళ్ళ దిబ్బ మీద దింపుతానన్నావు. నన్ను దింపుతావా?"

రాజు తలెత్తలేకపోయాడు. "చెరసాల తలుపు తియ్యండి," అన్నాడు మెల్లగా. తరువాత చేసినవి గబగబా చేశాడు. మొద్దుకోరడి గాయానికి రాజవైద్యుణ్ణి పిలిపించాడు. వాడి అడవిలో అడగకుండా ఒక్క కొమ్మ కూడా కొట్టకూడదని చాటింపు వేయించాడు. రాజ్యంలోని పడవలన్నిటి మీద అధికారం నూకాలుకు ఇచ్చాడు. నూకాలు చేసిన మొదటి పని, నలుగురిని పిలిచి దోనెను ఇసుక మీద బోర్లించడం.

అప్పుడే అప్పన్న వచ్చాడు. ఎండకు కళ్ళు చికిలించుకుంటూ, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చాడు. నూకాలు "నాన్నా!" అని పరుగెత్తి మెడ చుట్టేసుకుంది. అతను కూతురి తల నిమిరాడు. దోనె దగ్గరకు వచ్చాడు. కొత్త పట్టీని ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నన్ను ముట్టుకోమనకే. నా చెయ్యి పాడైంది," అన్నాడు. "మూడుసార్లు పుచ్చింది కదా! వాళ్ళేమో శాపమన్నారు. నేను మాత్రం ఆ చీకట్లో కూర్చుని, చెక్క ఎంచడం నాకే రావడం లేదనుకున్నాను. నలభై ఏళ్ళ పని మరిచిపోయాననుకున్నాను. ఇంక ఉలి పట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను."

రాజ్యమంతా అతన్ని అనుమానించింది, సరే. అతనూ తనను అనుమానించుకున్నాడని నూకాలుకు అప్పుడే తెలిసింది. అడవిలో, ఊబిలో, ఈటెల మధ్య పడని బాధ అప్పుడు పడింది.

"నీ చెయ్యి పాడవలేదు నాన్నా," అంది రెండు చేతులూ పట్టుకుని. "నువ్వు వేసిన మూడు పట్టీలూ మంచివే. పాలు పోశారు నాన్నా! దోనెను వెల్లకిలా పెట్టి మూడేళ్ళు పాలు పోశారు!"

"వెల్లకిలానా?"

"అవును. నువ్వూ చూశావు, నేనూ చూశాను. మండపంలో ఉంది కదా, దేవుడి వస్తువు కదా అని ఊరుకున్నాం."

అప్పన్న కూతురి ముఖంలోకి చూశాడు. తరువాత ఇసుకలో చతికిలబడి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నూకాలు పక్కనే కూర్చుంది. ఏడుపు తగ్గాక అతను కళ్ళు తుడుచుకుని, ఆమె చేతిలోంచి ఉలి అందుకున్నాడు. దోనె పక్కన వంగి, పిడితో తట్టుకుంటూ ముక్కు దగ్గర నుంచి తోక దాకా నడిచాడు. టంగ్, టంగ్ అని మోగుతూనే ఉంది. ఒకచోట ఆగాడు.

"ఈ మేకు వంకరగా దిగింది," అన్నాడు.

"నాకు తెలుసు," అంది నూకాలు.

ఇద్దరూ కలిసి దాన్ని పీకి, మళ్ళీ కొట్టారు.